కర్నూలు దుమ్ము

20 ఫిబ్రవరి 1955

పొద్దున మదరాసు నుంచి వచ్చాము. ఎక్స్‌రే ఫిల్ములు క్షేమం. మా డిమాన్‌స్ట్రేటరు సోమన్న ఆ డబ్బాను దారిపొడుగునా ఒళ్ళోంచి దించలేదు. గుంతకల్లులో బండి మారేటప్పుడు నా పెట్టె మరిచిపోయాడు గాని డబ్బా మరిచిపోలేదు. పరుగెత్తి వెళ్ళి పెట్టె నేనే తెచ్చుకున్నాను.

పని బాగా జరిగింది. మా కాలేజీలో ఎక్స్‌రే కెమెరా లేదు, ఇప్పట్లో రాదు. అందుకని ఇక్కడ పెంచిన స్ఫటికాలు అక్కడికి మోసుకుపోయి వరదాచారిగారి లాబరేటరీలో ఫోటోలు తీయించాము. ప్రొఫెసర్‌గారు ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, చుక్కలు ఎంత శుభ్రంగా పడ్డాయో అన్నారు. ఈ స్ఫటికం పెంచిందెవరని అడిగారు. సోమన్నను చూపించాను. ఇక వాడితోనే మాటలు. నేను కుర్చీలో కూర్చుని వాళ్ళ గోడ గడియారం చూస్తూ ఉండిపోయాను. లేచేటప్పుడు నా వైపు తిరిగి, "మీరు కూడా ఈ అబ్బాయితో కలిసి పనిచేస్తున్నారా?" అన్నారు.

మీరు కూడా.

పెద్దాయన. మాటవరసకు అని ఉంటారు. నాకేమీ అనిపించలేదు.

ఆగస్టులో అక్కడ సభ ఉందట. మా లవణం నిర్మాణం మీద సోమన్న అందులో పేపరు చదవాలట. అది నిలబడితే వాణ్ణి తన దగ్గర రిసెర్చికి చేర్చుకుంటారట. ఒక్క చోటే ఖాళీ ఉందని నాకు చెప్పారు. వాడికి బయట వరండాలోనే చెప్పేశాను. నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

22 ఫిబ్రవరి

తిరుపతమ్మ సంతోషం చూడాలి, సొంత తమ్ముడికి కలెక్టరుద్యోగం వచ్చినట్టు. "ఈరక్క కొడుకు మదరాసులో చదువుతాడా!" అని ఒకటే అనడం. ఈరక్క ఆలూరు దగ్గర మా చేలల్లో కలుపు తీసిన మనిషి. నేను ఆ పిల్లవాణ్ణి తెచ్చి కర్నూలు బడిలో వేయకపోతే, కాలేజీలో డిమాన్‌స్ట్రేటరు పని ఇప్పించకపోతే, వాడీపాటికి మా గొర్రెల వెంట తిరుగుతుండేవాడు. ఆ సంగతి మాత్రం మా ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు.

ఆ మదరాసులో నేనూ రెండేళ్ళు రిసెర్చి చేశాను. ఊళ్ళో పొలం తగాదా పెరిగిందని మా నాయన రమ్మన్నాడు. వచ్చేశాను. దాన్ని గురించి రాయడానికేమీ లేదు.

3 మార్చి

సోమన్నను కూర్చోబెట్టి మొదటినుంచి చెప్పాను. మనది అమీన్ లవణం. అమీన్‌కు హైడ్రోక్లోరిక్ ఆసిడ్ కలిపితే వచ్చిన ఉప్పు. అందులో ఒక్కో నైట్రోజన్ మీద మూడేసి హైడ్రోజన్లు ఉంటాయి. వాటిని చేతులనుకో. ఒక్కో చెయ్యి పక్కనున్న క్లోరైడును పట్టుకోవాలి. ఆ పట్టు పేరే హైడ్రోజన్ బంధం. అది ఉంటేనే స్ఫటికం నిలబడుతుంది. చేతికీ చేతికీ అందే దూరం ఉండాలి. నైట్రోజన్ నుంచి క్లోరైడుకు మూడుంబావు ఆంగ్‌స్ట్రాములు, కాస్త అటూ ఇటూ. అంతకు మించి దూరం వస్తే నీ లెక్క తప్పు.

"మూడు చేతులూ పట్టుకోవల్లా సార్?" అన్నాడు.

"పట్టుకోవాలి. ఊరికే వేలాడే చెయ్యి ఉండదు."

బాగా చెప్పాను. చెప్పడంలో నాకు సాటి వచ్చేవాడు ఈ కాలేజీలో లేడు.

12 మార్చి

ఎండలు ముదిరాయి. లవణ ద్రావణం గిన్నెలో పెడితే ఒక్క పూటలో ఎండి పొడి అవుతోంది. స్ఫటికం పెరగాలంటే మెల్లగా ఆరాలి. సోమన్న మళ్ళీ వాళ్ళ ఊరి కుండ తెచ్చాడు. తడి ఇసుకలో కొత్త కుండ కూర్చోబెట్టి గిన్నె దాంట్లో దించి మూతపెడతాడు. కుండ చెమరుస్తుంటే లోపల చల్లగా ఉంటుంది. చలికాలంలోనూ అలాగే పెంచాడు. పాత కుండ పనికిరాదు, దాని రంధ్రాలు పూడిపోతాయి. అందుకని వాళ్ళమ్మ ఆలూరు నుంచి కుండను నెత్తిమీద మోసుకొచ్చి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట.

రిసెర్చి లాబరేటరీలో కుండ. ప్రిన్సిపాల్ చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

5 ఏప్రిల్

పరీక్ష పేపర్లు దిద్దుతుంటే సోమన్న వచ్చి నిలబడ్డాడు. చేతిలో గాజు పలక, దాని మీద స్ఫటికాలు.

"సార్, వీటి మీద తెల్లగా ఏందో వస్తాండాది. కుండలోనుంచి తీసినప్పుడు అద్దం మాదిరి ఉండె. కిటికీలో పెట్టినా. మధ్యాన్నానికి ఇట్ల అయిపాయె."

"అయితే?"

"లోపల నీళ్ళేమన్నా ఉన్నాయేమో సార్. మన గాలికి అవి ఎగిరిపోతాండాయేమో. మదరాసులో ఇట్ల కాలేదు, ఆడ గాలే తడి కదా."

"దుమ్మురా అది. ఊరు రాజధాని అయినప్పటి నుంచి జీపులు లేపే దుమ్ము తింటూనే ఉన్నాం. తుడువు."

"సరే సార్."

పేపర్లు నలభై మిగిలాయి. ఒక్కడూ సరిగా రాయలేదు.

8 ఏప్రిల్

ఉన్నమాట రాసుకుంటున్నాను. ఆ తెలుపు నా బుర్రలోంచి పోలేదు. సోమన్న ఇంటికి పోయాక కుండలోంచి రెండు స్ఫటికాలు తీశాను. ఒకటి కిటికీలో పెట్టాను. ఇంకొకటి గాజు గొట్టంలో వేసి తడి పత్తి పెట్టి బిరడా బిగించాను. ఇంటికి తెచ్చుకున్నాను. తిరుపతమ్మ ఏమిటని అడగలేదు.

9 ఏప్రిల్

కిటికీలోది సున్నం రాసినట్టు తెల్లబడింది, బరువు కూడా తగ్గింది. గొట్టంలోది అద్దంలా ఉంది.

నీళ్ళే. స్ఫటికంలో నీటి అణువు ఉంది. మదరాసులో ఫోటోలు నీళ్ళున్న స్ఫటికానికి తీశారు. ఇక్కడ మనం తూచి పరీక్ష చేసేది నీళ్ళు పోయిన పొడిని. వాడి లెక్క ఎన్నటికీ కుదరదు.

రేపు చెప్పాలి.

10 ఏప్రిల్

ఆదివారం.

11 ఏప్రిల్

చెప్పలేదు. వాడూ మళ్ళీ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణే.

15 ఏప్రిల్

ఆలోచించాను. రిసెర్చి చేసేవాడు తన తప్పు తానే పట్టుకోవాలి. అన్నీ నోట్లో పెడితే వాడు మదరాసులో ఏం నిలబడతాడు? నాకు మాత్రం ఎవరు చెప్పారు? నేను మౌనంగా ఉండటం వాడి మంచికే. గురువన్నవాడు కొన్నిచోట్ల కటువుగా ఉండాలి.

ఇది రాశాక మనసు తేలికైంది.

2 మే

సోమన్న క్లోరైడు శాతం కట్టడం మొదలుపెట్టాడు. "పొడిని అట్లే తూయాల్నా, ఆరబెట్టి తూయాల్నా సార్?" అని అడిగాడు.

"ఎండబెట్టి తూచు. పుస్తకంలో ఏముంది?"

"ఎండబెట్టమనే ఉండాది."

"మరి?"

పుస్తకంలో ఉన్నదే చెప్పాను. నా మాట ఒక్కటి కూడా కలపలేదు.

19 మే

సాంద్రత సరిపోవటం లేదని వచ్చాడు. కుండలోంచి తీసిన స్ఫటికం లెక్క ప్రకారం ఉండవలసిన దానికంటే బరువు తూగుతోందట. మళ్ళీ చెయ్యమన్నాను. చేశాడు, అంతే వచ్చింది. మళ్ళీ చెయ్యమన్నాను. ఈ ఎండల్లో, ఫ్యాను లేని గదిలో, చొక్కా విప్పి గుంజకు తగిలించి, మళ్ళీ చేశాడు. అంతే వచ్చింది.

"మీరేమంటారు సార్?"

"నీ చెయ్యి తిన్నగా లేదంటాను. కొలతలో లోపం అని రాసుకో."

రాసుకున్నాడు. వాడి మొహం చూస్తే నాకు కోపం వచ్చింది. ఎందుకు ఎదురు చెప్పడు? 'లేదు సార్, నా చెయ్యి తిన్నగానే ఉంది' అని ఒక్కమాట అంటే చెప్పేసి ఉండేవాణ్ణి. నిజంగా చెప్పేసి ఉండేవాణ్ణి.

18 జూన్

ఫిల్ములో చుక్కలను బట్టి అంకెలు అచ్చువేసిన అట్టముక్కలు పెట్టెలోంచి తీయడం, వరసగా పేర్చడం, నిలువునా కూడటం, మళ్ళీ పెట్టెలో పెట్టడం. రెండు నెలల నుంచి సోమన్నకు ఇదే పని. ఆ మొత్తాలన్నీ కాగితం మీద వేసి గీతలు కలిపితే పరమాణువులున్న చోట గుట్టలు లేస్తాయి. ఈరోజు పటం తెచ్చి నా బల్లమీద పరిచాడు. క్లోరైడు పెద్ద గుట్ట. కార్బన్లు, నైట్రోజన్లు చిన్న గుట్టలు. అంతా పొందికగా వచ్చింది. ఒక్కచోట మాత్రం, నైట్రోజన్‌కూ క్లోరైడుకూ మధ్య, ఎవరికీ చెందని గుట్ట ఒకటి నిలబడింది.

వాడు దాని మీద వేలు పెట్టాడు. "ఈడ ఏదో ఉండాది సార్."

 అంత స్పష్టంగా ఉంటుందనుకోలేదు. ఆ నీరు నైట్రోజన్ చేతిని అందుకుని, తన చేత్తో క్లోరైడును పట్టుకుని, ఎంత చక్కగా కూర్చుందో! నా జీవితంలో అంత అందమైన పటం చూడలేదు.

"లెక్క లోపం. ఇలాంటి దయ్యపు గుట్టలు వస్తూనే ఉంటాయి," అన్నాను.

"ఇది లేకపోతే మూడో చేతికి క్లోరైడు అందటంల్యా సార్. దాదాపు నాలుగు ఆంగ్‌స్ట్రాములు వస్తాండాది. మీరే చెప్తిరి కదా, ఊరికే యాలాడే చెయ్యి ఉండదని."

"బలహీనమైన బంధం అని రాయి. అన్నిటికీ నా మీద పడితే ఎట్లా?"

 వాడు రబ్బరు తీసుకుని ఆ గుట్టను మెల్లగా తుడిచేశాడు. కాగితం చిరగకుండా, ఊదుకుంటూ.

19 జూన్

నాకు ఒంట్లో బాగాలేదు.

10 జూలై

వానలు లేవు. మబ్బు వస్తుంది, గాలికి పోతుంది.

30 జూలై

పేపరు ఎలా చదువుతాడో వినడానికి సోమన్నను ఇంటికి రమ్మన్నాను. ఇన్నాళ్ళూ వాడికి అన్నం వరండాలోనే. ఈరోజు తిరుపతమ్మ నన్ను అడక్కుండా లోపల నా పక్కన పీట వేసింది. నేను ఏమీ అనలేదు. అన్నం మాత్రం సహించలేదు.

ఇంగ్లీషు బాగానే చదివాడు. "బలహీనమైన బంధం" అన్న చోట గొంతు తగ్గింది. తిరుపతమ్మ తలుపు దగ్గర నిలబడి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, కళ్ళు పెద్దవి చేసుకుని వింది. అయిపోయాక "ఏమండీ, బాగుండాదా? మీరు చెప్పల్ల, తప్పులుంటే ఇప్పుడే చెప్పల్ల. ఆడికి పోయినాక నవ్వుతారు," అంది.

వాడు నా వైపు చూశాడు. ఇంట్లో మేము ముగ్గురమే. నోటిదాకా వచ్చింది. పటం మళ్ళీ గీయడానికి వ్యవధి ఉంది, ఒక వాక్యం మారిస్తే చాలు. ఆ వాక్యం నేను చెప్తే, మదరాసులో వరదాచారిగారు వాడి భుజం తట్టి, నా వైపు తిరిగి, మీరు కూడా ఉన్నారా అంటారు.

"బాగుంది," అన్నాను.

తిరుపతమ్మ వాడి విస్తట్లో ఇంకో ఓళిగ వేసింది.

13 ఆగస్టు, మదరాసు

వరసగా రాస్తాను.

సోమన్న పేపరు మధ్యాహ్నం. హాలు నిండుగా ఉంది. నేను ముందు వరసలో కూర్చున్నాను. వాడికి ధైర్యంగా ఉంటుందని. తెల్లచొక్కా, మా ఆవిడ ఇస్త్రీ చేయించింది. తడబడకుండా చదివాడు. అయిపోయాక వరదాచారిగారు లేచి పటం దగ్గరికి వెళ్ళి, ఆ చెరిపేసిన చోటే వేలు పెట్టారు. కళ్ళజోడు పైకెత్తి చూశారు. రబ్బరు పెట్టినా పెన్సిలు గాటు ఉండనే ఉంటుంది.

"ఇక్కడ ఏదో ఉండేదే."

"లెక్క లోపమని తీసేసినానండీ."

"మీది కర్నూలు కదా. అక్కడ గాలి పొడిగా ఉంటుంది. మీ స్ఫటికాలు బయటపెడితే తెల్లబడేవా?"

సోమన్న నా వైపు చూశాడు. తిన్నగా నావైపే. నేను కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాను. అద్దాల మీద నిజంగానే మరకలున్నాయి. తుడుస్తూనే ఉన్నాను.  వాడు నా పేరు చెప్తాడనుకున్నాను. చెప్తే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. 'నువ్వు నాకు చూపించిందెప్పుడురా' అనేవాణ్ణి.

"తెల్లబడేవండీ," అన్నాడు. "దుమ్మనుకున్నా. తుడిచేసినా."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెనక వరసల దాకా పాకింది. 'కర్నూలు దుమ్ము' అని ఎవరో ఇంగ్లీషులో అన్నారు. మళ్ళీ నవ్వులు. వాడు పటం చుట్టుకుని దారం కట్టుకుని వేదిక దిగాడు. ముడి పడలేదు, ఇంకోసారి కట్టుకున్నాడు.

తరువాత వరదాచారిగారు నన్ను వరండాలోకి పిలిచారు. "స్ఫటికం కళ్ళముందు తెల్లబడుతుంటే తుడిచేసేవాణ్ణి ఎక్కడా చూడలేదు. బుర్ర ఉన్న పిల్లవాడే. అందుకే అడుగుతున్నాను. మీకు ఆ సంగతి చెప్పాడా? చెప్పి ఉంటే తప్పు మీ ఇద్దరిదీ అవుతుంది, వాణ్ణి నేను తీసుకుంటాను. ఎవరికీ చెప్పకుండా తుడిచేశాడంటే, అది వేరే సంగతి."

ఇంతకంటే సూటిగా ఎవరూ అడగరు.

"నాకు చెప్పలేదండీ," అన్నాను.

 "అయితే నాకొద్దు," అన్నారు. "అందులో నీళ్ళున్నాయి. మీరే పూర్తిచేయండి. ఫిల్ములు మీ దగ్గరే ఉన్నాయిగా."

మీరే పూర్తిచేయండి అన్నారు. మీరు కూడా అనలేదు.

14 ఆగస్టు, రైల్లో

సోమన్న ఎదురు బల్లమీద కూర్చున్నాడు.  కడపలో బండి ఆగినప్పుడు నా కూజా తీసుకుని దిగాడు. కొళాయి దగ్గర గుంపు. బండి కదిలింది, వాడు రాలేదు. పోయాడనుకున్నాను. వాడు రాకపోతే ఎంత బాగుండును అని ఒక్కక్షణం అనిపించింది. చివరి డబ్బాలో ఎక్కి, తరువాతి స్టేషన్లో దిగి వచ్చి, కూజా నా పక్కన పెట్టాడు.

"తాగండి సార్. సల్లగా ఉండాయి."

తాగాను. దాహంగా ఉంది మరి.

17 ఆగస్టు

తిరుపతమ్మ అడిగింది. వాడు తొందరపడ్డాడు, నేను చెప్పినా వినలేదు అన్నాను. ఏడ్చింది.

5 సెప్టెంబరు

సోమన్న కాలేజీ పని మానేశాడు. ఆత్మకూరు అవతల అడవంచున బోర్డు బడిలో మాస్టరు ఉద్యోగం చూసుకున్నాడు. చెప్పిపోదామని వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, వరండాలో నిలబడ్డాడు. తిరుపతమ్మ ఊళ్ళోకి పోయింది, మంచిదే అయింది.

"మీకు అప్పుడే తెల్సునా సార్?"

"ఏది?"

"నీళ్ళని."

"తెలిసుంటే నీకు చెప్పకుండా ఉంటానురా?"

"అంతేలే సార్." మెట్టు దిగబోయి ఆగాడు. "నాకు తెల్సు సార్, దుమ్ము కాదని. తుడిస్తే మళ్ళా తెల్లగయ్యేది. మళ్ళా తుడిచేటోన్ని. మీరు దుమ్మంటిరి కదా. మీరు అన్నాక అది దుమ్మే అనుకోవల్లని, రోజూ కిందా మీదా పడితి."

జేబులోంచి గాజు గొట్టం తీసి నా చేతిలో పెట్టాడు. లోపల స్ఫటికం, పక్కన తడి పత్తి, గట్టిగా బిరడా. సరిగ్గా నేను ఏప్రిల్లో చేసినట్టే.

"కుండలో పెరిగిన వాటిల్లో ఇదే పెద్దది. మీకు పనికొస్తాది. పత్తి ఆరిపోకుండా చూసుకోండి సార్."

గేటు వేసుకుని వెళ్ళాడు. వాడు తిట్టి ఉంటే బాగుండేది. అంత నమ్మకం మనిషి మీద పెట్టడం కూడా ఒక రకం దౌర్జన్యమే. నేను అడిగానా నమ్మమని?

6 సెప్టెంబరు

చాలా మంచి స్ఫటికం. ఒక్క గీత లేదు.

20 అక్టోబరు

పని చకచకా సాగుతోంది. నీటి అణువును పటంలో పెట్టగానే దూరాలన్నీ కుదిరాయి. నైట్రోజన్ మూడో చెయ్యి నీటిని పట్టుకుంది, నీరు క్లోరైడును పట్టుకుంది. ఊరికే వేలాడే చెయ్యి లేదు. సాంద్రత సరిపోయింది. వాడి కొలత తిన్నగానే ఉంది, దాన్నే వాడుకున్నాను.

12 నవంబరు

ఈరక్క వచ్చింది. కొత్త కుండ తెచ్చింది.

"పాతది సెమర్సదంట కదా సిన్నరెడ్డీ. మావోడు చెప్పినాడు, నీ పనికి కావల్ల, ఇచ్చిరా అని." కుండ దించి మెట్టుమీద కూర్చుంది. ముసలిదైపోయింది. "వాడు సరిగ్గా తినడంల్యా. పలకరిస్తే పలకడు. ఏం తప్పు చేసినాడో నాకు తెలీదు. తప్పు చేసుంటే నువ్వే చెంప పగలగొట్టు, నీకు ఆ హక్కుండాది. ఆ మదరాసు ఆయప్పకు నువ్వొక మాట చెప్పు సామీ. నీ మాటంటే వింటాడు. పిల్లోడు తెలీక చేసినాడని చెప్పు."

"చెప్పాను ఈరక్కా," అన్నాను. "ఎంత చెప్పాలో అంతా చెప్పాను. ఆయన వినలేదు."

నా కాళ్ళు పట్టుకుంది. "నువ్వు చెప్పినావు కదా, సాలు. నువ్వు మాకు దేవుడు," అని ఏడ్చింది. తిరుపతమ్మ కూడా తలుపు పట్టుకుని ఏడ్చింది, నన్ను చూసి గర్వంగా కూడా ఉంది. ఈ ఆడవాళ్ళతో వేగలేను.

కుండ సమయానికి వచ్చింది. పాతది నిజంగానే చెమర్చడం మానేసింది.

8 ఫిబ్రవరి 1956

పేపరు రాస్తున్నాను. 'ఈ స్ఫటికం పొడిగాలిలో నీటిని కోల్పోయి తెల్లబడుతుందని రచయిత 1955 ఏప్రిల్లో గమనించెను' అని రాశాను. చదువుకుని ఉలిక్కిపడ్డాను. ఏప్రిల్ కొట్టేసి సెప్టెంబరు అని వేశాను. చేతికి అలవాటైన నిజం ఎంత తేలిగ్గా జారుతుందో.

15 ఫిబ్రవరి

చివర, స్ఫటికాలు పెంచి ఇచ్చినందుకు సోమన్నకు కృతజ్ఞతలని ఒక వాక్యం రాశాను. తరువాత తీసేశాను. వాడి పేరు చూస్తే అందరికీ ఆ నవ్వు గుర్తొస్తుంది. వాడి మంచికే.

22 జూలై

పేపరు అచ్చులో వచ్చింది. నా పేరు ఒక్కటే ఉంది. వరదాచారిగారు మెచ్చుకున్నారని తెలిసింది. ప్రిన్సిపాల్ పూలదండ వేశాడు. సోమన్నకు తెలిసి ఉంటుందా? ఆ అడవంచుకు అలాంటి పత్రికలు పోవు.

4 నవంబరు

రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. మొన్నటిదాకా లారీల నిండా బీరువాలు, కుర్చీలు. ఊరు ఖాళీ అయింది. దుమ్ము మాత్రం ఎక్కడికీ పోలేదు.

తిరుపతమ్మ ఈరోజు నా బల్ల సర్దింది. కాగితాల వెనక ఆ గాజు గొట్టం దొరికింది. పత్తికి తడి పెట్టడం ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు. పేపరు అచ్చయ్యాక దాంతో పనేముంది? బిరడా తీసి లోపలిది అరచేతిలో వంచుకుంది.

"ఏమండీ, సోమన్న ఇచ్చిన రాయి ఇదే కదా? అద్దం మాదిరి ఉండేదంటిరి. తెల్లగుండాదేమి?"

ఎవరూ నన్ను ఏమీ అనలేరు. పేపరు అచ్చయింది. పెళ్ళాం అడిగింది, ఇంట్లో ఇంకెవరూ లేరు. నీళ్ళు పోయాయే అంటే సరిపోయేది.

"దుమ్ము," అన్నాను.

"అంతేనా," అని కొంగు తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. పాపం, శ్రద్ధగా, నలుమూలలా తుడిచింది. తుడిచే కొద్దీ పొడి రాలింది. లోపల అద్దం వస్తుందని ఇంకా తుడిచింది. చివరకు అరచేతిలో ఏమీ మిగల్లేదు. చెయ్యి చూసుకుని, నా మొహం చూసింది.

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.